ఫ్లాస్కు మూతెడు అన్నం

ఎల్లమ్మ వడ్డించి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపయింది. కంచంలో అన్నం ఉంది, కంచం ముందు నేనున్నాను, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఒకరినొకరం చూసుకుంటున్నాం, ముందు నోరు తెరిచే ధైర్యం ఇద్దరికీ లేదు. అన్నం మధ్యలో గుంట చేసి దోసకాయ పప్పు పోసింది, పైన నెయ్యి, ఆ నెయ్యి పప్పు అంచు దాటి తెల్లటి మెతుకుల్లోకి మెల్లగా జారిపోతోంది, పక్కన కంది పచ్చడి, వేయించిన గుమ్మడి వడియాలు, చిన్న గిన్నెలో మీగడ కట్టిన పెరుగు. ఇదంతా నాదే. ఇదంతా నేనే తినాలి. తినకపోతే మళ్ళీ నా క్లినిక్ మెట్లెక్కొద్దు అన్నాడు డాక్టర్ ప్రభాకర్ నిన్న, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మరీ. ముప్ఫై దాటాయి నాకు, అన్నం తినమని నన్నొకరు బెదిరించడం ఇదే మొదటిసారి. తినొద్దని బెదిరించినవాళ్ళంటారా, ఒక్కరే, మా అమ్మ. రమామణి తల్లి జగదాంబగారు సెట్లోకి వస్తున్నారంటే ప్రొడక్షన్ మేనేజర్లు సిగరెట్లు ఆర్పి లేచి నిలబడేవారు. రమామణి అంటే నేనే. పోస్టర్ల మీద ఇంకో పేరుంటుంది, ఇంట్లో మాత్రం ఆ పేరుతో పిలిస్తే నేను పలకను.

ఏం మనిషండీ ఈ డాక్టరు! బంజారా హిల్స్ మొత్తం వెతికి పట్టుకున్నాను, సన్నబడే మందేదో రాసిస్తాడని వెళితే తినమంటాడు. "రోజూ ఒకే కొలతలో తక్కువ తింటూ పోతే ఒంటికి ఆ సంగతి తెలిసిపోతుందమ్మా. మొగుడికి జీతం తగ్గిందని తెలిసిన ఇల్లాలిలా అది కూడా ఖర్చు తగ్గించేసుకుంటుంది. ఇక నువ్వెంత కడుపు మాడ్చుకున్నా ముల్లు కదలదు. అందుకని దానికి అంతు చిక్కకుండా పెట్టాలి. ఇవాళ వెయ్యి కేలరీలు, రేపు పదిహేను వందలు, ఎల్లుండి మళ్ళీ తగ్గించు, మధ్యలో ఒకరోజు రెండు వేలు, హాయిగా కడుపునిండా. వారం మొత్తం కూడితే తక్కువే ఉండాలి, రోజుకీ రోజుకీ మాత్రం పోలిక ఉండకూడదు." ఆ కడుపునిండా తినే రోజుకి నేను పెద్దరోజు అని పేరు పెట్టుకున్నాను. చిన్నరోజులు నాకో లెక్క కాదు, పస్తులో నేను పండిపోయాను. పెద్దరోజు వచ్చిందంటేనే గొంతు దగ్గర ఏదో గేటు పడిపోతుంది. మొన్న ఎగ్గొట్టాను, అంతకు ముందు వారమూ ఎగ్గొట్టాను, వడ్డించింది వడ్డించినట్టే ఎల్లమ్మ తీసేసింది, నేనేమో డాక్టరు ముందు చక్కగా మొహం పెట్టి తిన్నానండీ అన్నాను. ఆయన తూకం మీద నిలబెట్టాడు. నెలపైన అయింది ఆ ముల్లు అరవై ఒకటి దగ్గర ముహూర్తం పెట్టుకుని కూర్చుంది, పైకి పోదు, కిందికి రాదు. "నీ నటన జనానికి చూపించు, నాకు కాదు. చిన్నరోజులు చేసి పెద్దరోజులు ఎగ్గొడితే అది నా వైద్యం కాదు, మీ అమ్మగారి వైద్యం" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. అమ్మగారు అన్న మాట వింటే చాలు ఈమధ్య కోపానికి బదులు ఇంకేదో వస్తోంది.

బయట ఈల ఊదుతున్నారు. పక్క స్థలంలో బండలు పేలుస్తారు కాబోలు, జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టుకోవాలంటే ముందు కొండతో యుద్ధం చెయ్యాలి మరి, మేం కట్టుకున్నప్పుడూ అంతే, అమ్మ గొడుగేసుకుని బండ మీద కూర్చుని పేల్చేవాళ్ళ మీద కేకలేసేది. ఈల, ఇంకో ఈల, తర్వాత ఢాం. కంచం అదిరింది, ఒక వడియం దొర్లి పప్పులో పడింది. కిటికీలోంచి ఎండ వచ్చి అన్నం గిన్నె మీంచి తీసి నిలబెట్టిన స్టీలు మూత మీద పడుతోంది, ఎదురుగా తెల్లగోడ మీద ఓ వెలుగు మరక, అది కూడా అదిరి ఆగింది. అచ్చం రిఫ్లెక్టర్ పెట్టినట్టుంది. పదహారేళ్ళ నుంచీ మొహం మీద రిఫ్లెక్టర్లే నాకు, ఎండని పట్టి తెచ్చి కళ్ళల్లో కొడితే రెప్ప వాల్చకుండా నవ్వాలి, కడుపులో పేగులు అరుస్తున్నా నవ్వాలి. ఆకలితో ఉన్నవాళ్ళ కళ్ళు మెరుస్తాయని కెమెరామెన్లకి తెలీదు, బాగా మెరుస్తున్నాయమ్మా అనేవారు.

రేపల్లెలో ఇలా ఉండేది కాదు. అక్కడ కంది పచ్చడి అమ్మ రోట్లో రుబ్బేది, వేడన్నం పెద్ద బేసిన్లో వేసి కలిపేది, మెట్ల మీద కూర్చుని మాకు ముద్దలు పెట్టేది, నాకూ, పెదనాన్న పిల్లలకీ, పక్కింటి పిల్లొస్తే దానికీ. ఆవిడ చెయ్యి ముందుకి చాపితే ముద్ద దగ్గరకి మనమే వెళ్ళాలి, ఆలస్యం చేస్తే పక్కవాళ్ళకి పోతుంది. ముద్దలో వేడి, నెయ్యి, అమ్మ వేళ్ళ ఉప్పదనం. ఇంకొక్కటే, ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది నాన్న ముద్ద అని వరసలు చెప్పి కడుపు పగిలేలా తినిపించిన మనిషే, నన్ను మద్రాసు రైలెక్కించిన రోజున ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. రైల్లో పొట్లం విప్పి పులిహోర నాలుగు మెతుకులు నా చేతిలో పెట్టి, "ఇక నీ చేత్తో నువ్వే తినాలి, చూసి తినాలి" అంది. అప్పుడు నాకు పదహారు. ఆ తర్వాత అమ్మ నాకు ముద్ద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడగడానికి నాకెప్పుడూ నోరు రాలేదు, ఇప్పుడు అడుగుదామంటే వినేవాళ్ళు లేరు.

కేలరీలంటే అమ్మకేం తెలుసు. ఆవిడ కొలత ఫ్లాస్కు మూత. ఎర్ర ఫ్లాస్కు ఒకటి ఎప్పుడూ భుజానికి వేలాడేది, అందులో పల్చటి మజ్జిగ, దాని మూతతో కొలిచి అన్నం, మధ్యాహ్నం ఒక మూత, పాట ఉన్న రోజు సగం. లైట్‌బాయ్‌లు చెట్టు కింద కారియర్లు విప్పి ఆవకాయ కలుపుకుంటూ పకపకా నవ్వేవారు, ఆ వాసన గాలి ఎటు వీస్తే అటు నా ముక్కు తిరిగేది, అచ్యుతరామయ్యగారు "అమ్మాయీ, లుక్కు ఇటు" అని అరిచేవారు. పెద్ద డైరెక్టరు, మంచాయన, ఆయన లుక్కు అన్నవైపు నేనెప్పుడు చూశాను, చూసేది అమ్మవైపే. కెమెరా పక్కనే నిలబడేది. ఫీల్డుకి అంగుళం బయట. కెమెరాకి ఎంతవరకు కనిపిస్తుందో కెమెరామెన్‌కన్నా ఆవిడకే బాగా తెలుసు. షాట్ మొదలవబోతుంటే అయిదు వేళ్ళూ దగ్గరికి చేర్చి తన పొట్ట ముందు పెట్టుకుని వెనక్కి లాగేది. పొట్ట లోపలికి అని. ఆ సైగ చూస్తే నా పొట్ట దానంతటదే వీపుకి అంటుకునేది. యూనిట్ వాళ్ళందరికీ తెలుసు ఆ సైగ, నా వెనక చేసి చూపించుకుని నవ్వుకునేవారు, నాకు తెలియనట్టు.

"ఏందమ్మా గిది?" ఎల్లమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో చారు గిన్నె. "నెయ్యి గడ్డ కడుతుంది గాని నీ చెయ్యి లేస్తలేదు. గీ పప్పు ఎవలికి జేసిన, గోడకా?"

తింటానే, నువ్వెళ్ళు అన్నాను. వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "పెద్దమ్మ ఉంటే గింత అన్నం సూసి నన్ను బండలల్లకు ఎల్లగొడుతుండె" అంది. అది నిజమే. దాని నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది, నవ్వులో సగం నుంచి ముక్కు మండింది.

పెద్దమ్మ, అంటే మా అమ్మ, లేదు. రెండేళ్ళయింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఎడమచెయ్యి లాగుతోందంది, డ్రైవరు కారు తీసేలోపలే అయిపోయింది. పన్నెండో రోజు భోజనాల్లో బూరెలు వేశారు, నేను ఒకటి తిన్నాను, ఇంకోటి తిన్నాను, చుట్టాలు పాపం చిక్కిపోయింది తినమ్మా తినమ్మా అంటూ వేస్తూనే ఉన్నారు, నేను తింటూనే ఉన్నాను. ఆ తర్వాత ఇక ఆగితే కదా. వంటింట్లో నిలబడి గిన్నెలోంచే ఆవకాయ అన్నం తిన్నాను, శ్రీనగర్ కాలనీ మిఠాయి కొట్టు నుంచి డబ్బాలు తెప్పించుకున్నాను, ఒకరోజు పెరుగన్నం కలుపుకుంటూ, అమ్మ లేదు కాబట్టి తినొచ్చు అని అనిపించింది, ఆ మాట మనసులో పూర్తి కాకముందే భోరుమని ఏడ్చాను. ఏడుస్తూ తిన్నాను. ఎంత తిన్నా ఆ బేసిన్ అన్నం రుచి రాలేదు, రాలేదని ఇంకా తిన్నాను. వేషాలు తగ్గాయి, అక్క వేషాలొచ్చాయి, అవీ తగ్గాయి, నాకేం బాధ లేదు. నిజంగా లేదు. ఆగిపోయిన సినిమా మళ్ళీ మొదలుపెడుతున్నామని అచ్యుతరామయ్యగారు ఫోను చేసేదాకా లేదు.

ఆ సినిమాలో నేను పుట్టింటి నుంచి తిరిగొచ్చి గడప దాటాలి. అంతే సీను. గడప అవతల వరండా, అది రోడ్డు నెంబరు పదిలో ఓ బంగళాలో తీశారు. గడప ఇవతల హాలు, అది ఫిల్మ్ నగర్ దగ్గర స్టూడియోలో సెట్టు. సినిమాలెప్పుడూ ఇంతే, ఒక ఇంటి గుమ్మంలో కాలుపెట్టి ఇంకో చోట తేలతాం. బయట భాగం తీసేశారు, లోపల భాగం వారంలో తీద్దామనుకున్నారు, హీరో గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆ తర్వాత ఆయన డేట్లు దొరకలేదు. నేనెత్తిన కుడికాలు రెండేళ్ళు గాల్లోనే ఉండిపోయింది. తెర మీద అది ఒక్క అడుగు. ఆ అడుగు ఎత్తేటప్పటికి నాకు అమ్మ ఉంది, దింపేటప్పటికి లేదు. అయినా జనానికి తేడా తెలియకూడదు, అదే బ్లౌజు, అదే నడుము, అవే బుగ్గలు ఉండాలి. కాస్ట్యూమర్ సుబ్రహ్మణ్యం ఆ ఆకుపచ్చ పట్టు బ్లౌజు ట్రంకులోంచి తీసి తెచ్చాడు, వెనక హుక్కులు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి. ఆయన తల గోక్కుంటూ, "కుట్లు విప్పి వదులు చేస్తానమ్మా, దానికేముంది" అన్నాడు. "బ్లౌజు విప్పుతావు సరే, నా మొహానికి ఎక్కడ కుట్లు విప్పుతావయ్యా" అన్నాను. అప్పటికి కాస్త ఒళ్ళు తగ్గించుకున్నాను కూడా, నా పాత పద్ధతిలోనే, మూతతోనే. ఆ తర్వాతే ముల్లు ఇరుక్కుంది.

పోనీ అచ్యుతరామయ్యగారేమైనా కాదన్నారా, ఎంత మర్యాదగా చెప్పారో. "కంగారు పడకమ్మా, పై శుక్రవారం దాకా చూద్దాం. ఒళ్ళు కలిస్తే సరే, కలవకపోతే పాత షాట్ తీసి పారేసి రెండు వైపులా కొత్తగా తీసుకుందాం, ఇబ్బందేముంది?" అన్నారు. ఎవరికైనా అది ఊరట. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ పాత షాట్లో అమ్మ ఉంది. నిజంగా ఉంది. మొన్న మళ్ళీ మొదలుపెట్టేముందు రషెస్, అంటే అప్పట్లో తీసిన ముక్కలు, తెర మీద వేసినప్పుడు చూశాను, ఆకుపచ్చ బ్లౌజులో నేను మెట్లెక్కి వస్తాను, గడప దగ్గర వెనక్కి తిరిగి చూస్తాను, కాస్త తూలి గుమ్మం పట్టుకుంటాను, అప్పుడు తెల్లగోడ మీద, నా పక్కన, ఒక నీడ పడుతుంది. రిఫ్లెక్టర్‌కి అడ్డొచ్చింది అమ్మ. భుజాన ఫ్లాస్కు, ముందుకి చాపిన చెయ్యి, దగ్గరికి చేర్చిన వేళ్ళు. పడీ పడగానే మాయమవుతుంది. హాల్లో అందరూ నవ్వారు, "అదిగో అమ్మగారు, పొట్ట లోపలికి!" అని. నేనూ నవ్వాను, నవ్వి చీకట్లో కళ్ళు తుడుచుకున్నాను. నువ్వు తూలిన తీరు ఎంత సహజంగా ఉందమ్మా, నీడ పడితే పడిందిలే, జనం చూడరు, ఉంచేద్దాం అన్నారు అచ్యుతరామయ్యగారు. అమ్మ ఎప్పుడూ ఫోటో దిగేది కాదు, నా మొహమెందుకు నీ మొహం ఉంటే చాలదా అనేది. గోడకి తగిలించింది రేషన్ కార్డు ఫోటో పెద్దది చేయించినది, అందులో ఎవరో కోపంగా ఉన్న ఆవిడ. కదిలే అమ్మ నాకు అదొక్కటే, ఆ గోడ మీద, ఆ ఒక్క క్షణం. నా ఒళ్ళు కలవకపోతే దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేస్తారు. ఆ క్షణం కన్నా నాకు ఏం కావాలి, ఏ సినిమా కావాలి?

అందుకే తినాలి. వింత చూడండి, అమ్మని కాపాడుకోవాలంటే అమ్మ మాట కాదని తినాలి. కంచంలో చెయ్యి పెట్టాను. అన్నం ఇంకా గోరువెచ్చగా ఉంది. పప్పూ అన్నం కలిపాను, కంది పచ్చడి కొంచెం వేశాను, చేతికి నెయ్యి జిడ్డు తగిలింది. ముద్ద చేశాను. నోటి దాకా వచ్చేసరికి గేటు పడింది. పొట్ట లోపలికి. ఛీ, ఏం బతుకు ఇది. ఆకలి వేస్తోంది, నిజంగా వేస్తోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి, చెయ్యి మాత్రం పైకి రాదు.

"నువ్వు తిన్నావా?" అన్నాను ఎల్లమ్మతో, ఏదో ఒకటి అనాలని.

"యాడ తింట? నువ్వు తినకుంటె నేనెట్ల తింట తల్లీ. పొద్దుగాల సంది చాయ్ తాగి ఉన్న." అంటూ మోకాళ్ళ మీద చేతులేసుకుని లేవబోయింది, లేస్తూ లేస్తూ ఒకసారి తూలి గుమ్మం పట్టుకుంది. "ఏం గాలె, ఏం గాలె. జర కండ్లు తిరిగినయి."

నేను ఆలోచించలేదు. కుర్చీలోంచి సగం లేచి, చేతిలో ఉన్న ముద్ద అలాగే దానివైపు చాపాను. ఇంద, తిను, ముందు ఇది తిను అన్నాను. "అయ్యో, నాకెందుకమ్మా, నీ కంచంలది" అని అది సిగ్గుపడుతోంది, నేను చెయ్యి ఇంకా ముందుకి చాచాను, అప్పుడు దాని పక్కన తెల్లగోడ మీద, స్టీలు మూత వేసిన వెలుగులో, నా చెయ్యి కనిపించింది. ముందుకి చాపిన చెయ్యి. దగ్గరికి చేర్చిన అయిదు వేళ్ళు.

పొట్ట లోపలికి అనాలంటే చెయ్యి తన దగ్గరే ఉండాలి కదా. వెనక్కి కదా లాగాలి. ఈ చెయ్యి ముందుకి వచ్చింది. ఆ షాట్లో అమ్మ చెయ్యీ ముందుకే వచ్చింది, నా వైపే. ఎన్ని వందల షాట్లు, ఒక్కసారైనా ఫీల్డులోకి అడుగు పెట్టని మనిషి. ఆ రోజు మజ్జిగ తప్ప ఏం లేదు నా కడుపులో, గడప దగ్గర వెనక్కి తిరిగితే నాకు కనిపించింది ఎండ ఒక్కటే, కళ్ళు తిరిగాయి, గుమ్మం దొరక్కపోతే పడిపోయేదాన్ని. తూలానని డైరెక్టరు మెచ్చుకుంటుంటే అమ్మకోసం చూశాను, చెట్టు కింద కారియర్ మూత తీసి ఉంది, అమ్మ కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటోంది. ఇంకా ఎవరూ భోజనాలు చెయ్యలేదు. కార్లో అడిగాను, ఏంటమ్మా, ఫీల్డులోకి వచ్చావట అని. "ఏదో ఎండకి చూసుకోలేదులే" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ముద్ద కలిపింది. మా అమ్మ నాకు ముద్ద కలిపింది. షాటూ, కెమెరా, ఫీల్డూ అన్నీ మరిచిపోయి ముద్ద పట్టుకుని రెండడుగులు వేసింది, ఎవరో కట్ అనేసరికి ఆగిపోయింది. అమ్మా, ఇంకో అడుగు వెయ్యకపోయావా, ఎవరేమంటారు, సినిమా పోతే పోయేది.

"ఏందమ్మా, ఏడుస్తున్నవ్? నేనేమన్న అన్ననా?" ఎల్లమ్మ దగ్గరికొచ్చింది. ఏం లేదన్నాను. ముద్ద దాని నోట్లో పెట్టాను, తింది. ఇంకో ముద్ద చేశాను, పెద్దదే, వేళ్ళ మధ్యలోంచి మెతుకులు జారేంత పెద్దది, అది నేను తిన్నాను. గొంతు దగ్గర ఏ గేటూ పడలేదు. కంది పచ్చడి నాలుకకి తగిలింది, కాస్త ఉప్పెక్కువైంది, నా కన్నీళ్ళదో ఏమో. తర్వాత ఇంకోటి. పై శుక్రవారం హుక్కులు పడతాయో లేదో నాకు తెలీదు, పడాలి, పడితే బావుండును దేవుడా, ఆ చెయ్యి ఆ గోడ మీద ఉండాలి.

కంచం ఖాళీ అయింది. ఎల్లమ్మ చారు గిన్నె పట్టుకుని నిలబడి చూస్తోంది.

"ఇంకాస్త అన్నం పెట్టు, ఎల్లమ్మా" అన్నాను.